ఎయిర్ రైఫిల్ పెల్లెట్లు శుభ్రం చేసి సిద్ధం చేసుకోవడం: చెన్నై తేమలో పనికొచ్చే పద్ధతి

ఒక నవంబరులో, ముసురు పట్టిన వారంలో, డబ్బా మొత్తం ఒకేసారి కడిగేశాను. 500 పెల్లెట్లు, అంటే ఎయిర్ రైఫిల్‌లో పెట్టి పేల్చే చిన్న సీసపు గుళ్లు. పళ్లెంలో పోసి ఒక పూట ఫ్యాను కింద ఉంచి, పైకి పొడిగానే కనిపించాయని మూత బిగించి బీరువాలో పెట్టాను. పది రోజుల తర్వాత మా అమ్మాయి ప్రాక్టీసుకి బయల్దేరుతూ మూత తీసి, "నాన్నా, వీటికి బూజు పట్టింది" అంది. అది బూజు కాదు. ప్రతి పెల్లెట్ వెనక ఉండే గుంటలో నీటి చెమ్మ మిగిలిపోయి, సీసం తెల్లబడి పొడి రాలుతోంది. ఆ డబ్బా ఇక రైఫిల్‌లో పెట్టడానికి పనికిరాలేదు.

ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. రైఫిల్ పట్టుకునేది మా అమ్మాయి, పెల్లెట్లు సిద్ధం చేసే పని నాది. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. కడగడం కన్నా ఏరడం వల్ల వచ్చే లాభమే ఎక్కువ. కడగాల్సి వస్తే మాత్రం, ముఖ్యంగా మన చెన్నై గాలిలో, ఆరబెట్టే దగ్గర తొందర పనికిరాదు.

అసలు కడగాలా?

ఒక పెల్లెట్‌ని తెల్ల కాగితం మీద నిలబెట్టి దగ్గరగా చూడండి. చిన్న డమరుకంలా ఉంటుంది. పైన బల్లపరుపు తల, మధ్యలో సన్నటి నడుము, కింద బోలుగా విచ్చుకున్న పల్చటి అంచు. ఆ అంచునే స్కర్ట్ అంటారు. ట్రిగ్గర్ నొక్కగానే వెనక నుంచి వచ్చే గాలి ఈ స్కర్ట్‌ని బ్యారెల్ గోడలకి అదిమి, పక్కల నుంచి గాలి జారిపోకుండా చేస్తుంది. తల బ్యారెల్ గాడుల వెంట తిరుగుతూ ముందుకు వెళ్తుంది. 10 మీటర్ల పోటీలో వాడే ఈ పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, బరువు మామూలుగా 0.53 గ్రాములు. సీసం ఎంత మెత్తనిదంటే గోటితో గీసినా గీత పడుతుంది. అంచు వంగడానికి డబ్బా ఒకసారి చెయ్యి జారి కింద పడితే చాలు.

సీసపు తీగని ముక్కలు చేసి అచ్చులో నొక్కి వీటిని తయారు చేస్తారు. అప్పటి నూనె, సన్నటి సీసపు రజను కొంత అంటుకునే ఉంటాయి. దానికి తోడు ప్రయాణంలో ఒకదానితో ఒకటి రాసుకుని ఇంకొంత నల్లపొడి పుడుతుంది. ఇది ఎంత ఉందో తెలుసుకోవడానికి ఓ పది పెల్లెట్లు తెల్ల టిష్యూ మీద వేసి మెల్లగా దొర్లించండి. లేత బూడిదరంగు గీతలు పడితే అది సీసం సహజ గుణం, కడగక్కర్లేదు. నల్లటి చారలు, మెరిసే చిన్న చిన్న పెళ్లలు కనిపిస్తే కడగండి.

ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫైనల్ మ్యాచ్, జేఎస్‌బీ మ్యాచ్ లాంటి పోటీ రకాలు చాలావరకు శుభ్రంగానే వస్తాయి. పైన ఉండే పల్చటి పూత సీసం తెల్లబడకుండా కాపాడుతుంది. సబ్బు పెట్టి కడిగితే అది పోతుంది. అందుకని వాటిని నేను కడగను, ఏరతాను, అంతే. ప్రాక్టీసుకి కొనే చవక రకాలకే కడుగుడు అవసరం ఎక్కువగా పడుతుంది.

ఇంత శ్రమ దేనికంటే, 10 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్లు ఇచ్చే నడిమి చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. స్కోరులో 0.1 తేడా అంటే టార్గెట్ మీద పావు మిల్లీమీటరు. 1983లో ఇదే చెన్నైలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగిన రైఫిల్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 701.1 స్కోరుతో కాంస్యం గెలిచాడు. రజతం గెలిచిన వ్యక్తి స్కోరు 701.5. ఆ స్థాయిలో పెల్లెట్ వల్ల ఒక్క షాట్ కూడా పోకూడదని ఎవరైనా అనుకుంటారు. కొత్తగా నేర్చుకునే పిల్లలకి నిలబడే తీరు, ఊపిరి, ట్రిగ్గర్ వీటితో వచ్చే తేడా పెల్లెట్ కంటే చాలా పెద్దది. అయినా పెల్లెట్ మీద అనుమానం లేకపోతే తప్పు ఎక్కడుందో కోచ్‌కీ పిల్లకీ స్పష్టంగా తెలుస్తుంది. నేను ఈ పని మొదలుపెట్టింది అందుకే.

సీసంతో జాగ్రత్త

దయచేసి ఈ భాగం దాటేసి వెళ్లకండి. సీసం విషం. ఒంట్లోకి ఇంత వరకు వెళ్తే ఫర్వాలేదు అనే మోతాదేదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిన్నపిల్లల మెదడుకి, కడుపుతో ఉన్నవాళ్లకి మరీ ప్రమాదం.

చెన్నైలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "ఈయం చెంబులో చారు కాచుకుని తాగుతున్నాం, ఏమైంది?" అని. తమిళంలో ఈయం అనే మాట సీసానికీ తగరానికీ కూడా వాడతారు. చారు కాచుకునే చెంబు తగరంతో చేసింది. పెల్లెట్ సీసంతో చేసింది. రెండూ వేరు వేరు లోహాలు, ఆ మాట నమ్మి అజాగ్రత్తగా ఉండొద్దు.

వంటింట్లో ఈ పని చేయకండి. సింకులో అసలే వద్దు. నేను బాల్కనీలో ఒక పాత స్టూలు మీద ప్లాస్టిక్ షీటు పరిచి కూర్చుంటాను. చేతులకి నైట్రైల్ గ్లవ్స్ వేసుకుంటాను. గిన్నె, వడకట్టే జల్లెడ, తువ్వాలు, అన్నీ ఈ పనికే విడిగా పెట్టి మీద పెయింటుతో "సీసం" అని రాశాను. అవి తిరిగి ఇంటి వాడకంలోకి రావు. పని చేస్తూ కాఫీ తాగడం, మురుకులు నమలడం వద్దు. పెల్లెట్ల మీది పొడిని నోటితో ఊదకూడదు, పెల్లెట్‌ని పెదాల మధ్య పెట్టుకోకూడదు. పని అయ్యాక ఊడ్చకండి, పొడి లేస్తుంది. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డని పారేయండి.

కావాల్సిన సామాను

అంచున్న ప్లాస్టిక్ గిన్నెలు రెండు, సన్నటి జల్లెడ ఒకటి, గిన్నెలు తోమే లిక్విడ్, పాత నూలు తువ్వాలు, టిష్యూలు, మూత బిగుసుకునే చిన్న డబ్బాలు. ఏరడానికి పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం కావాలి. పారీస్ దగ్గర, సౌకార్‌పేట వైపు బంగారం పనివాళ్ల సామాను అమ్మే దుకాణాల్లో కంటికి ఆనించుకునే రకం దొరుకుతుంది. మిల్లీగ్రాము చూపే తూకం ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు.

నీళ్ల విషయం ఇక్కడే చెప్పాలి. మా అపార్ట్‌మెంట్‌లో వచ్చేది బోరు నీరు. బకెట్ అంచున తెల్లటి పొర కట్టే నీరు అది. దాంతో కడిగి వదిలేస్తే ఆ ఉప్పే పెల్లెట్ మీదా ఆరుతుంది. మొదటి కడుగుడు బోరు నీటితో చేసినా, ఆఖరిసారి జాడించేది తాగడానికి తెచ్చుకునే క్యాన్ వాటర్‌తో కానీ ఆర్వో నీటితో కానీ చేయండి. వంద పెల్లెట్లకి అర లీటరు చాలు.

మొదటి అడుగు: కడగడానికి ముందే ఒకసారి చూడండి

డబ్బాని తలకిందులు చేసి గుమ్మరించకండి. ఒక మెత్తటి గుడ్డ మీద డబ్బాని వంచి, వంద వరకు మెల్లగా జారనివ్వండి. కంటికే తెలిసిపోయేలా నలిగినవి, అంచు చిరిగినవి అప్పుడే తీసేయండి. వాటిని కడిగినా, తుడిచినా పనికిరావు.

వంద కంటే ఎక్కువ ఒక్కసారి పెట్టుకోవద్దు. బరువుకి ఒకదాని అంచు ఇంకొకటి నొక్కేస్తుంది. ఆరబెట్టేటప్పుడు ఆ వందని ఒక్కొక్కటిగా పట్టుకోవాల్సి ఉంటుంది కూడా.

రెండో అడుగు: కడగడం

లీటరు గోరువెచ్చటి నీళ్లలో నాలుగైదు చుక్కల లిక్విడ్ కలపండి. పెల్లెట్లని జల్లెడలో వేసి ఆ నీళ్లలో ముంచి, జల్లెడని ఉయ్యాలలా నెమ్మదిగా అటూ ఇటూ కదపండి. బియ్యం కడిగినట్టు చేత్తో పిసకొద్దు, గిరగిరా తిప్పొద్దు. అర నిమిషంలో నీళ్లు పలచటి సిరాలా మారతాయి. ఆ రంగు చూస్తేనే అర్థమవుతుంది, ఇన్నాళ్లూ ఇదంతా బ్యారెల్‌లోకి, వేళ్లకి పోయిందని. రెండు నిమిషాలు అలా కదిపి, నీళ్లు మార్చి మళ్లీ చేయండి. మూడోసారికి నీళ్లు తేటగా ఉంటాయి. సబ్బు జిగురు పూర్తిగా పోయేదాకా జాడించి, చివరగా క్యాన్ వాటర్‌లో ఒకసారి ముంచి తీయండి.

మా అమ్మ ఇదంతా చూస్తూ, "ఒరేయ్, కాస్త చింతపండు వేసి తోమితే రాగి చెంబులా మెరుస్తాయి కదరా" అంది. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, ఏ పులుపూ వద్దు. పులుపుకి సీసం కరిగి ఆ నీటిలోకి వస్తుంది. పెల్లెట్ పైభాగం గరుకుగా మారుతుంది, ఆ నీళ్లు ఇంకా విషపూరితమవుతాయి. మెరుపుతో మనకి పని లేదు.

కడిగిన నీళ్లని కుండీలో పోయకండి, ముఖ్యంగా కరివేపాకు, తులసి కుండీల్లో. ఒక రాత్రి కదపకుండా ఉంచితే అడుగున బురద తేరుతుంది. పై నీళ్లని టిష్యూ మడత గుండా వడకట్టి టాయిలెట్‌లో వదిలేసి, బురదనీ టిష్యూనీ మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలో పోగు చేయండి. పాత బ్యాటరీలు, బల్బుల్లా దీన్ని కూడా ఇంటి ప్రమాదకర చెత్తగా విడిగా ఇవ్వాలి.

మూడో అడుగు: ఆరబెట్టడం

నేను డబ్బా పోగొట్టుకున్నది ఇక్కడే, అందుకే నిదానంగా చెబుతాను.

పెల్లెట్ బయట పది నిమిషాల్లో ఆరిపోతుంది. నీరు దాక్కునేది స్కర్ట్ లోపలి గుంటలో. అక్కడికి ఫ్యాను గాలి సరిగా పోదు. దానికితోడు సముద్రపు గాలి ఉన్న ఊరు మనది, మే నెల కత్తిరి ఎండల్లో కూడా గాలిలో చెమ్మ ఉంటుంది. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానాకాలంలో ఉతికిన బట్టలే రెండు రోజులకి ఆరవు.

ముందు పెల్లెట్లని నూలు తువ్వాలు మధ్యలో పోసి, రెండు కొసలు పట్టుకుని ఊయలలా ఒకవైపు నుంచి ఇంకోవైపుకి దొర్లించండి. పది పన్నెండుసార్లు అలా చేస్తే గుంటల్లోని నీరు చాలావరకు తువ్వాలుకి పోతుంది. తర్వాత మడత పెట్టిన టిష్యూ మీద ఒక్కొక్కదాన్నీ స్కర్ట్ కిందికి, తల పైకి ఉండేలా నిలబెట్టండి. లోపలి చుక్కని టిష్యూ పీల్చుకుంటుంది. వంద నిలబెట్టడానికి నాకు పావుగంట పడుతుంది. గంట తర్వాత టిష్యూ మార్చండి. చిన్న చిన్న తడి గుండ్రాలు ఎక్కడెక్కడ పడ్డాయో కనిపిస్తాయి, ఇంకా నీరుందనడానికి అదే గుర్తు. ఆపై 24 గంటలు ఫ్యాను గాలిలో వదిలేయండి. వానరోజుల్లో 48 గంటలు. ఏసీ గది ఉంటే గాలిలో తేమ తక్కువ కాబట్టి ఇంకా మంచిది, కానీ అది పిల్లలు పడుకునే గది కాకూడదు.

తొందరగా కావాలంటే మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒకసారి ముంచి తీస్తే నీటిని అది తోసేసి, తాను త్వరగా ఆవిరైపోతుంది. గాలి ఆడే చోటే చేయాలి. దగ్గర్లో గ్యాస్ పొయ్యి కానీ దేవుడి దగ్గర దీపం కానీ వెలుగుతూ ఉండకూడదు, ఆ ఆవిరి భగ్గున అంటుకుంటుంది. అలాగే ఓవెన్‌లో పెట్టడం, పెనం మీద వేడి చేయడం ఏ పరిస్థితిలోనూ చేయవద్దు.

నాలుగో అడుగు: ఏరడం

నిలబెట్టిన వరసలు మీ ముందే ఉన్నాయి. బల్ల దీపాన్ని పక్క నుంచి పడేలా పెట్టండి, పైనుంచి వెలుతురు పడితే నొక్కులు కనపడవు. భూతద్దం కంటికి ఆనించి ఒక్కో పెల్లెట్‌ని నడుము దగ్గర పట్టుకుని తిప్పండి.

మొదటిసారి అలా చూసినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. కంటికి నున్నగా కనిపించిన పెల్లెట్ స్కర్ట్ అంచున గోరు గిల్లినట్టు చిన్న నొక్కు, దాని పక్కనే వెంట్రుకలా లేచిన సీసపు పీచు. ఇంకొకదాని స్కర్ట్ గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో ఉంది.

మూడు గిన్నెలు పెట్టుకోండి. స్కర్ట్ పూర్తి గుండ్రంగా, అంచు తెగకుండా, తల అంచు చుట్టూ ఒకేలా ఉన్నవి పోటీ గిన్నెలోకి. స్కర్ట్ మీద చిన్న నొక్కు మాత్రమే ఉన్నవి ప్రాక్టీసు గిన్నెలోకి. బ్యారెల్‌లోకి నెట్టేటప్పుడు చిన్న నొక్కులు కొంత సర్దుకుంటాయి కాబట్టి వాటిని పారేయక్కర్లేదు. అంచు చిరిగినవి, తల మీద దెబ్బ ఉన్నవి, తెల్లపొడి పట్టినవి మూడో గిన్నెలోకి. వీటిని పాత సీసంతో పాటు క్లబ్‌లో అప్పగించండి. తల దెబ్బతిన్నదాన్ని ప్రాక్టీసుకి కూడా వాడొద్దని నా గట్టి అభిప్రాయం. పిల్లలు మంచి షాట్ కొట్టి చెడు స్కోరు చూస్తే, లేని తప్పుని సరిదిద్దుకోవడం మొదలుపెడతారు.

దొర్లించి చూసే పద్ధతి ఒకటి ఉంది. అద్దం పలకని ఒక పక్క కొద్దిగా ఎత్తి, పైనుంచి పెల్లెట్‌ని వదలాలి. తల, స్కర్ట్ కొలతలు వేరు కాబట్టి అది నేరుగా కాక వంపు తిరుగుతూ వెళ్తుంది. ఒకే కొలతవన్నీ ఇంచుమించు ఒకే చోట ఆగుతాయి, తేడా ఉన్నవి పక్కకి పోతాయి. చవక పెల్లెట్లకి ఇది బాగా ఉపయోగపడింది. తూచడం మాత్రం 10 మీటర్ల షూటింగ్‌కి మంచి రకం పెల్లెట్ల విషయంలో సమయం తినే పని. పోటీ ముందు రోజు మనసు కుదుటపడటానికి తూస్తానంటే తూయండి.

ఐదో అడుగు: నూనె పట్టించాలా?

కడిగిన సీసం పూత పోయి ఉంటుంది కాబట్టి గాలి తగిలి రోజురోజుకీ మసకబారుతుంది. వారం లోపల వాడేస్తే నూనె లేకపోయినా నడుస్తుంది. నిలవ ఉంచాలంటే పల్చగా పట్టించాలి.

చిన్న డబ్బా అడుగున స్పాంజి ముక్క వేసి, దాని మీద రెండే చుక్కలు సిలికాన్ ఆయిల్ వేసి, వేలితో అదిమి అంతా పాకనివ్వండి. వంద పెల్లెట్లు పోసి డబ్బాని నెమ్మదిగా వంచుతూ ఒక నిమిషం దొర్లించండి. టిష్యూ మీద పెట్టి తీస్తే మరక పడకూడదు. పడితే ఎక్కువైనట్టు, మళ్లీ తువ్వాలులో దొర్లించి తుడవండి.

స్ప్రింగ్ రైఫిల్ వాడేవాళ్లు ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. పిస్టన్ గాలిని నొక్కేటప్పుడు లోపల విపరీతమైన వేడి పుడుతుంది. స్కర్ట్‌లో మెషిన్ ఆయిల్ లాంటిది నిలిచి ఉంటే ఆ వేడికి డీజిల్ ఇంజన్‌లోలా అంటుకుంటుంది. పొగ, పెద్ద శబ్దం వస్తాయి, పెల్లెట్ వేగం అదుపు తప్పుతుంది, సీలు పాడవుతుంది. నిల్వ చేసిన గాలితో నడిచే పీసీపీ రైఫిళ్లలో ఈ బాధ లేదు, కానీ నూనె ఎక్కువైతే ఒక్కో షాట్ ఒక్కోచోట పడుతుంది. ఇంట్లో ఉందని కొబ్బరినూనె వాడొద్దు. 24 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది. ఏసీ ఉన్న షూటింగ్ రేంజ్‌లో బ్యారెల్ లోపల ఆ పని జరిగితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆరో అడుగు: కాగితం మీద తేల్చుకోండి

కడిగినవి నిజంగా బాగా వెళ్తున్నాయా? దీనికి సమాధానం మీ రైఫిలే చెప్పాలి. ముందు బ్యారెల్‌ని ఫెల్ట్ (ఒత్తుగా అదిమిన మెత్తటి ఉన్ని గుడ్డ) ముక్కలతో శుభ్రం చేయండి. స్ప్రింగ్ రైఫిల్ అయితే ఫెల్ట్‌ని పేల్చకుండా కడ్డీతో నెట్టండి, అంత తేలికైనది పేలిస్తే పిస్టన్‌కి దెబ్బ. ఆ తర్వాత కొత్త పెల్లెట్లతో 20 షాట్లు లెక్కలోకి తీసుకోకుండా కొట్టండి, బ్యారెల్ వాటికి అలవాటు పడాలి.

రైఫిల్‌ని కదలకుండా ఒక ఆసరా (రెస్ట్) మీద ఆనించి, 10 షాట్ల గుంపులు ఐదు కడిగినవాటితో, ఐదు కడగనివాటితో కొట్టండి. ఒకటి ఇది, ఒకటి అది, మార్చి మార్చి. లేకపోతే చివర్లో వచ్చే అలసట అంతా ఒక్కదాని మీదే పడుతుంది. మా ఇంట్లో నేను కప్పుల మీద 1, 2 అని మాత్రమే రాసి ఇస్తాను, ఏది ఏదో అమ్మాయికి చెప్పను. ప్రతి గుంపులో అన్నిటికన్నా దూరంగా పడ్డ రెండు రంధ్రాల నడిమి బిందువుల మధ్య దూరం స్కేలుతో కొలిచి రాసుకోండి. మా దగ్గర చవక పెల్లెట్లలో తేడా స్పష్టంగా కనిపించింది. పోటీ పెల్లెట్లలో కడగడం వల్ల ఏ మార్పూ లేదు, ఏరడం వల్ల మాత్రం దారితప్పే షాట్లు తగ్గాయి. మీ నోట్‌బుక్‌లో వేరే ఫలితం వస్తే మీ రైఫిల్ మాటే వినండి.

దాచుకోవడం, పోటీకి తీసుకెళ్లడం

ఆరిన పెల్లెట్లని మూత బిగుసుకునే ప్లాస్టిక్ లేదా రేకు డబ్బాలో, పైన పల్చటి స్పాంజి వేసి కదలకుండా పెట్టండి. పక్కన చిన్న సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. చెక్క పెట్టెలు, అట్టపెట్టెలు వద్దు. వాటి నుంచి సన్నగా వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లబడుతుంది. మూత మీద రకం పేరు, తల కొలత, కడిగిన తేదీ రాయండి. 4.49, 4.50 అని తల కొలత మిల్లీమీటర్లలో డబ్బా మీద ఉంటుంది, అవి కలిసిపోతే మళ్లీ విడదీయడం కష్టం.

పోటీకి 60 షాట్లు, ముందు సరిచూసుకునే షాట్లకి 20, చెయ్యి జారి పడేవాటికి ఇంకో 10. మొత్తం 90 లెక్కపెట్టి, ఒక్కో పెల్లెట్‌కి ఒక్కో గుంట ఉన్న ట్రేలో పెట్టండి. లోకల్ ట్రైన్‌లో వెళ్లేటప్పుడు ఆ ట్రేని రైఫిల్ పెట్టెలో కాక ఒళ్లో పెట్టుకునే సంచిలో తీసుకెళ్తాం. కింద పడ్డ పెల్లెట్‌ని తుడిచి మళ్లీ వాడొద్దని పిల్లలకి ముందే చెప్పండి. రేంజ్ నుంచి బయటికి రాగానే టిఫిన్ డబ్బా ముట్టుకోకముందే సబ్బుతో చేతులు, ముంజేతుల దాకా కడిగించండి. ఇంటికి రాగానే ఆ రోజు వేసుకున్న బట్టలని మిగతా బట్టల్లో కలపకుండా విడిగా ఉతకండి.